వెళ్ళొస్తాను, ఇత్తె కిమస్

జపనీస్ చదువుతున్నానని చెప్పగానే మనవాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఈ వయసులో ఎందుకండీ?" అనేది మొదటిది. "అదేదో ఫ్రెంచ్ నేర్చుకుంటే కెనడాలో పనికొచ్చేది కదా" అనేది రెండోది. మొదటిదానికి జవాబు మా కోడలు. రెండోదానికి జవాబు కూడా మా కోడలే. ఆ పిల్లది ఫ్రాన్స్ కాదు, కనజావా.

కనజావా జపాన్‌లో పడమటి తీరం వైపు ఉన్న ఊరు. ఏడాది వర్కింగ్ హాలిడే వీసా మీద వాంకూవర్ వచ్చి, మా అబ్బాయిని చూసి, ఇక్కడే ఉండిపోయింది. మంచిదే. చిక్కల్లా వాళ్ళమ్మగారితో వచ్చింది. మన వరస ప్రకారం ఆవిడ నాకు వదినగారు. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు అప్పటికి జపనీస్ రాదు. పెళ్ళికి వచ్చిన నాలుగు రోజులూ ఒకరికొకరం వంగి దణ్ణాలు పెట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఫోన్‌లో అనువాదం యాప్ పట్టుకుని గడిపేశాం. "మా పిల్లాడు కాస్త మొండి" అని నేను తెలుగులో అంటే ఆ యాప్ ఏం చెప్పిందో గాని, ఆవిడ గాబరాగా మావాడి చేతులవంకా కాళ్ళవంకా చూశారు.

తర్వాత కోడలు నెల తప్పింది. సంతోషంతోపాటు నాకు లోపల ఒక లెక్క మొదలైంది. తల్లి బిడ్డతో జపనీస్ మాట్లాడుతుంది. తండ్రి ఇంగ్లిష్ మాట్లాడతాడు, ఎందుకంటే మావాడి తెలుగు "అమ్మా, ఆకలి" దగ్గరే ఆగిపోయింది. బడి, వీధి, టీవీ అంతా ఇంగ్లిషే. ఇక ఆ బిడ్డ తెలుగు ఎవరి నోట వినాలి? నా ఒక్కదాని నోట. ఇప్పటికే రెండు భాషలున్న ఇంట్లో మూడోదానికి చోటు అడగాలంటే, ముందు ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియాలి. లేకపోతే నేను వచ్చిపోయే చుట్టాన్నే. ఇదీ అసలు సంగతి.

మొదటి ఏడాది పాఠాలు సాయంత్రం క్లాసుల్లో పూర్తి చేసి, రెండో ఏటి పాఠాలకి యూబీసీలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో చేరాను. డిగ్రీ ఇదివరకే ఉండి, మళ్ళీ డిగ్రీ కోసం కాకుండా ఒకటి రెండు కోర్సులు చదువుకుంటామనే వాళ్ళని అక్కడ 'అన్‌క్లాసిఫైడ్' విద్యార్థి అంటారు. ఏ వర్గంలోనూ పడని మనిషి అన్నమాట. గుంటూరులో తీసుకున్న బీకాం పట్టా ఇన్నాళ్ళకి పెట్టెలోంచి బయటికొచ్చింది.

మా ఏషియన్ స్టడీస్ శాఖ ఉండే ఏషియన్ సెంటర్‌కి ఒక కథ ఉంది. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో సాన్యో కంపెనీ వేసిన మంటపం చట్రాన్ని ఇక్కడికి తెచ్చి, దాని మీద ఈ భవనం కట్టారు. 1981లో తెరిచారు. పక్కనే నితొబె తోట. నితొబె ఇనాజో అని, జపాన్ 5000 యెన్ల నోటు మీద చాలా ఏళ్ళు ఆయన బొమ్మే ఉండేది. పసిఫిక్ సముద్రానికి వంతెననవుతానన్న మనిషి, 1933లో ఇక్కడికి దగ్గర్లోనే, విక్టోరియాలో పోయారు. వాన లేని రోజున క్లాసు అయ్యాక ఆ తోటలో కూర్చుని పులిహోర డబ్బా తెరవడం నాకు అలవాటు.

ఇంటర్మీడియట్ అంటే మనకి ఎంపీసీ, బైపీసీలే గుర్తొస్తాయి. భాష చదువులో ఇంటర్మీడియట్ అంటే "నా పేరు ఫలానా, స్టేషన్ ఎక్కడ?" అనే దశ దాటి, అసలు మాటల్లో పడే చోటు. ఎక్కువమంది మానేసేది ఇక్కడే అని మా సెన్సేయ్ అనేవారు. అమెరికా విదేశాంగ శాఖలో దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ లెక్క ప్రకారం, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకి జపనీస్ పట్టుబడాలంటే 2200 గంటల తరగతులు కావాలి. తెలుగుకైతే 1100. ఆ పట్టిక ఇంగ్లిష్ వాళ్ళ కోసం వేసింది. తెలుగువాళ్ళు జపనీస్ నేర్చుకోవడానికి ఎన్ని గంటలో అందులో లేదు.

మొదటి ఏడాదిలోనే కొంత తెలిసింది నాకు. జపాన్ అక్షరాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. పలక మీద దిద్దినవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఇప్పుడు హ ఉన్నచోట పూర్వం ప పలికేవారట. బౌద్ధంతోపాటు వచ్చిన సంస్కృత అక్షరాలు చదువుకున్న వాళ్ళ వల్ల వచ్చిన వరస ఇది. ఇక దీర్ఘాలు, ఒత్తులు. ఒబసాన్ అంటే పిన్నో అత్తో, ఒబాసాన్ అంటే అమ్మమ్మో నాయనమ్మో. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘమే. నా పక్కన కూర్చునే కుర్రాళ్ళు వారాలపాటు అమ్మమ్మల్ని పిన్నులు చేశారు. మనకి పాలు వేరు, పల్లు వేరు, పళ్ళు వేరు. ఆ చెవి మనకి ఉగ్గుతో పట్టిందే.

కానీ నాకు నిజంగా కళ్ళు తెరుచుకున్నది రెండో ఏడులో, సెన్సేయ్ బోర్డు మీద "కినో కత్త హొన్" అని రాసిన రోజు. కినో అంటే నిన్న, కత్త అంటే కొన్న, హొన్ అంటే పుస్తకం. నిన్న కొన్న పుస్తకం. క్లాసులో అందరూ దాన్ని తలకిందులు చేసి, మధ్యలో ఇంగ్లిష్‌కి కావాల్సిన అతుకులు వేసుకుంటున్నారు. నాకు ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం నుంచి పుస్తకం మార్జిన్లలో నోట్సు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు కెనడాలో ఉండి, ఏది నేర్చుకున్నా ఇంగ్లిష్ గుమ్మంలోంచే రావాలి కాబోలు అనుకునేదాన్ని. ఇక్కడ దగ్గర దారి మన పెరట్లోంచే ఉంది.

"అషిత కురు తొ ఇత్త." రేపు వస్తాను అని అన్నాడు. ఆ 'తొ' మన 'అని'. "తబెతె మితె." తిని చూడు. తినేటప్పుడు చూసేదేముందని ఇంగ్లిష్ వాళ్ళు తల గోక్కుంటారు, మనం గోక్కోం. "మొత్తె కురు." పట్టుకురా. ఎవరో చెప్పగా విన్న మాట అయితే చివర 'సో దెస్' అంటారు. వాన పడుతుందట, పెళ్ళి కుదిరిందట అని మనం 'ట' చేర్చినట్టే. చూడకుండా చెప్పే మాటకి ఒక ముద్ర వెయ్యడమన్నమాట. ఈ 'ట' లేకపోతే మన వాట్సాప్ గ్రూపులు ఏమైపోయేవో ఆలోచించండి.

నాకు అన్నిటికంటే నచ్చింది 'షిమత్త'. మా పాఠ్యపుస్తకం గెంకిలో దీనికి రెండు అర్థాలిచ్చారు, పని పూర్తిగా అయిపోవడం ఒకటి, అయ్యో అనిపించడం ఇంకొకటి. ఒకే మాటకి రెండూ ఎలా కుదురుతాయని క్లాసులో ఒకటే చర్చ. నేను నా మార్జిన్లో మూడు మాటలు రాసుకున్నాను: తినేశాను, మర్చిపోయాను, పగిలిపోయింది. పూర్తవడం, అయ్యో అనుకోవడం రెండూ మన 'ఏశాను'లో, 'పోయింది'లో ఒద్దికగా కూర్చుని ఉన్నాయి.

పగిలిపోయింది అంటే గుర్తొచ్చింది. ఇంట్లో పిల్లలు గ్లాసు పగలగొట్టి ఏమంటారు? "అమ్మా, గ్లాసు పగిలిపోయింది." అంటే దానంతటదే! జపనీస్‌లోనూ అంతే. "కొప్పు గ వరెత" అంటే గ్లాసు పగిలింది, "కొప్పు ఒ వత్త" అంటే గ్లాసు పగలగొట్టాను. (కొప్పు అంటే గ్లాసే, జుట్టు కాదు.) మునిగింది, ముంచాను, తెగింది, తెంచాను, ఆరింది, ఆర్పాను. ఇలాంటి జంటలు ఒక పేజీ నిండా ఇచ్చి బట్టీపట్టమన్నారు. నాకు అదొక ఆటలా ఉంది.

ఇంత పోలిక ఉంటే రెండూ అక్కాచెల్లెళ్ళేమో అని మీకు అనిపించవచ్చు. ఒనో సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని ఏళ్ళ తరబడి వాదించారు. భాషావేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. నాకు ఆ వాదంతో పనిలేదు. చుట్టాలు కాని ఇరుగుపొరుగు కూడా ఒకేలా ముగ్గు వేస్తారు.

అన్నీ మన ఇంట్లో దొరుకుతాయని కాదు. "అమె ని ఫురరెత" అనే వాక్యం ఉంది. మక్కికి మక్కి చెబితే "వానచేత కురవబడ్డాను" అవుతుంది. వాన నా మీద పగబట్టి కురిసింది, నేను బాధితురాలిని అని దాని భావం. నవంబర్ నుంచి మార్చి దాకా వాంకూవర్‌లో ఉన్నవాళ్ళు ఇలాంటి వాక్యం లేకుండా ఎలా బతుకుతున్నారో నాకు తెలీదు. అలాగే 'తబెససెరరెత' అని గొట్టంలాంటి మాట ఒకటి. వద్దంటున్నా నాచేత తినిపించారు అని. మనకి ఇంత పొడుగు క్రియ లేదుగాని, ఆ అనుభవానికి మాత్రం లోటు లేదు. ఏ పెదనాన్నగారింటికి వెళ్ళినా అదే కదా జరిగేది.

మర్యాద భాష దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. తినడానికి మామూలు మాట తబెరు, గౌరవంగా అయితే మెషిఅగరు. మనకీ ఉన్నాయి సుమా! దేవుడు ఆరగిస్తాడు, స్వామివారు వేంచేస్తారు, పెద్దలు సెలవిస్తారు, మనం విన్నవించుకుంటాం. మన దగ్గర ఆ మాటలు గుళ్ళోకీ శుభలేఖల్లోకీ వెళ్ళిపోయాయి. వాళ్ళ దగ్గర ఇవాళ్టికీ బట్టల కొట్లో వినపడతాయి. కాకపోతే ఒక తేడా ఉంది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మనింటివాళ్ళని తగ్గించి చెప్పాలి. ఎదుటివాళ్ళ అమ్మ ఒకాసాన్, మా అమ్మ ఉత్త హహ. వాళ్ళ ఆయన వస్తే గౌరవ క్రియ, మా ఆయన వస్తే వినయ క్రియ. "మావారు వచ్చారండీ" అని పెళ్ళయిన దగ్గర్నుంచీ బహువచనంలో పలికిన నోటికి ఇది కొత్త. మా అత్తగారు వినలేదు కాబట్టి సరిపోయింది.

భర్తని షుజిన్ అంటారని చదివి నవ్వుకున్నాను. యజమాని అని అర్థం. భార్య కనాయ్, అంటే ఇంటి లోపలిది. ఏం దేశమమ్మా అనుకుని, మరుక్షణం 'ఇల్లాలు' గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇప్పటి ఆడపిల్లలు ఒత్తొ, త్సుమ అని మామూలు మాటలు వాడతారని సెన్సేయ్ చెప్పారు. మా కోడలైతే మావాడిని పేరు పెట్టే పిలుస్తుంది. మంచి పని చేస్తోంది.

ఇక కాంజీ. కాంజీ అంటే చైనా నుంచి తెచ్చుకున్న బొమ్మ అక్షరాలు. రోజువారీ వాడకానికని జపాన్ ప్రభుత్వం జాబితా వేసినవే 2136. గెంకి రెండు భాగాలూ కలిపి నేర్పేది 317. ఇక్కడ మనకి పుట్టింటి సాయం ఏమీ లేదు, చైనా పిల్లలు మనల్ని దాటి వెళ్ళిపోతూ ఉంటారు. ఒక్క అక్షరానికి రెండు మూడు పలుకుబడులుండటం అందరినీ ఏడిపిస్తుంది. దానికి మాత్రం నాకొక ఉపాయం దొరికింది. నీళ్ళు అని విడిగా అంటాం, జలపాతం, జలాశయం అని కలిపి అంటాం. 'నీళ్ళపాతం' అనం. వాళ్ళూ అంతే. విడిగా అయితే సొంత మాట మిజు, సమాసంలో అయితే చైనా నుంచి వచ్చిన సుయ్. కొండ విడిగా యమ, పేరులో అయితే సాన్. ఫుజిసాన్‌లో సాన్ 'గారు' కాదు, 'గిరి'. మన శేషగిరి లాగా.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. పేరు జపనీస్, ముఖం జపనీస్, నోట్లో మాత్రం నాకున్నంత జపనీస్ కూడా లేదు. నాలుగో తరం. ముత్తాత స్టీవ్‌స్టన్‌లో చేపలు పట్టేవాడట. అమ్మమ్మకి జపనీస్ బాగా వచ్చు, కానీ కూతుళ్ళతో ఎప్పుడూ ఆ భాష మాట్లాడలేదట. ఎందుకని అడిగితే ఆ అమ్మాయి "1942" అని ఊరుకుంది.

ఇక్కడ ఉంటూ కూడా మనలో చాలామందికి ఈ కథ తెలీదు. జపాన్‌తో యుద్ధం మొదలవగానే, 1941 డిసెంబర్‌లో, ఈ తీరంలో ఉన్న జపనీస్ బడులు మూయించేశారు. తర్వాతి ఏడాది దాదాపు 22,000 మంది జపనీస్ కెనడియన్లని తీరం నుంచి తరిమి, లోపలి శిబిరాలకి పంపారు. అందులో ఎక్కువమంది ఇక్కడే పుట్టినవాళ్ళు. మన పీఎన్ఈ ఎగ్జిబిషన్ జరిగే హేస్టింగ్స్ పార్క్‌లో, పశువుల కొట్టాల్లో వాళ్ళని ఉంచారు. ఇళ్ళూ పడవలూ అమ్మేశారు. 1949 దాకా తీరానికి తిరిగి రానివ్వలేదు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. యూబీసీ నుంచి కూడా పిల్లల్ని చదువు మధ్యలో పంపేశారు. వాళ్ళలో 76 మందికి 2012లో గౌరవ డిగ్రీలిచ్చారు. అప్పటికి చాలామంది బతికి లేరు. అలెగ్జాండర్ స్ట్రీట్‌లో 1906లో మొదలైన జపనీస్ బడి మాత్రం మళ్ళీ తెరుచుకుని ఇప్పటికీ నడుస్తోంది. వెళ్ళి చూడండి.

ఆ భయంలో పెరిగిన వాళ్ళు పిల్లలకి భాష ఇవ్వలేదు. ఇస్తే మళ్ళీ పట్టుకుపోతారేమోనని. మనవరాలు ఇప్పుడు ఫీజు కట్టి, అమ్మమ్మ మాట పుస్తకంలో వెతుక్కుంటోంది. మనల్ని ఎవరూ శిబిరాల్లో పెట్టలేదు. "బళ్ళో తికమక పడతాడేమో" అన్న ఒక్క మాటకే మనం ఇంట్లో తెలుగు మానేశాం. ఆ అమ్మాయికి కనీసం కూర్చోడానికి ఒక క్లాసుంది. మా శాఖలో జపనీస్, చైనీస్, కొరియన్, పంజాబీ, హిందీ, పర్షియన్ నేర్పుతారు. కోర్సుల జాబితాలో తెలుగు కోసం వెతికాను. లేదు.

ఇంటి సంగతికి వస్తాను. కోడలికి తెలుగు నేర్పాలని మా అబ్బాయి మొదట్లో ప్రయత్నించాడు, ఇంగ్లిష్‌లో. అదీ కుదరలేదు, ఇదీ కుదరలేదు. ఒకరోజు నేను పప్పు గరిటెతో చేతిలో వేసి "తిని చూడు. తబెతె మితె" అన్నాను. ఆ పిల్ల గరిటె వంక కాదు, నా వంక చూసింది. "తిని, తబెతె. చూడు, మితె?" అంది. "అంతే." తర్వాత అరగంట పప్పు అలాగే చల్లారింది. వచ్చి చూడు, అడిగి చూడు, వేసుకుని చూడు అని ఒకదాని వెంట ఒకటి తనే అల్లుకుంటూ పోయింది. ఇంగ్లిష్‌ని మధ్యలోంచి తీసేస్తే ఆ పిల్లకీ నాకూ మధ్య దూరం ఎంత తక్కువో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

ఇప్పుడు మావాడు "నేను చెప్పాను ఆమెకి రావద్దు అని" అంటాడు. ఆ పిల్ల "రావద్దు అని చెప్పాను" అని దిద్దుతుంది. తనకి కష్టం రెండే. ర, ల, ళ మూడూ ఒకటే. రెండోది, జపనీస్ క్రియకి ఆడా మగా లేదు కాబట్టి మొగుడిని "వచ్చింది, తినేసింది" అంటుంది. అది మాత్రం నేను దిద్దను.

జపాన్‌లో కూడా పురిటికి పుట్టింటికే వెళ్తారు. దానికి 'సతొగఎరి' అని పేరుంది. మా కోడలికి ప్రయాణం కుదరలేదు, అందుకని వాళ్ళమ్మగారే వచ్చారు, రెండు నెలలు. తెచ్చిన సామానులో ఉమెబొషి సీసా ఉంది. పుల్లటి పళ్ళని ఉప్పులో ఊరవేసి, మూడు రోజులు ఎండలో పెట్టి తయారుచేస్తారు. నేను లోపలికి వెళ్ళి మాగాయ సీసా తెచ్చి పక్కన పెట్టాను. ఉప్పెంత, ఎండెన్ని రోజులు, బూజు పట్టకుండా ఏం చేస్తారు. నా ఇంటర్మీడియట్ జపనీస్‌తో మా ఇద్దరి మొదటి పూర్తి సంభాషణ అదే. క్లాసులో ఏ పరీక్షకీ అంత చదవలేదు.

నేను మా ఇంటికి బయల్దేరేటప్పుడు రోజూ "వెళ్ళొస్తాను" అనేదాన్ని. అదేమిటని వదినగారు అడిగారు. వెళ్ళి అంటే ఇత్తె, వస్తాను అంటే కిమస్ అని చెప్పాను. జపాన్‌లో గుమ్మం దాటే ప్రతివాళ్ళూ అనే మాట "ఇత్తె కిమస్". ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తె రష్షాయ్", వెళ్ళి రండి, అంటారు. ఆవిడ చేతిలో పని ఆపేసి, "మీరు కూడా ఉత్తినే వెళ్తున్నాను అనరా?" అని అడిగారు. అనకూడదని చెప్పాను. ఎందుకూ అనలేదు ఆవిడ. తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో పాపని కూతురి చేతికిచ్చి, నా వైపు తిరిగి, తెలుగులోనే "వెర్రొస్తాను" అన్నారు. ళ పలకలేదు. నేను "ఇత్తె రష్షాయ్" అన్నాను.

జపనీస్ ప్రావీణ్య పరీక్ష కెనడాలో ఏడాదికోసారి, డిసెంబర్‌లో జరుగుతుంది. ఐదు మెట్లలో నడిమిది ఎన్3, 180కి 95 వస్తే గట్టెక్కినట్టే. ఈసారి రాస్తున్నాను. గెంకి పుస్తకాలు ఇస్తారా అని గ్రూపులో ఇద్దరు అడిగారు. తప్పకుండా ఇస్తాను, కాస్త ఆగాలి. మార్జిన్లలో నేను రాసుకున్న తెలుగు చదువుతూ మా కోడలు అక్షరాలు దిద్దుతోంది, ఇంకా పదమూడో పాఠంలో ఉంది.